ఎండితే నిలిచే గింజ, ఎండితే చచ్చే గింజ: డెల్టాలో బొటానికల్ గార్డెన్ పని

గోదావరి డెల్టాలోని కడియపులంక నర్సరీల్లో నల్ల కవర్లో అమ్మే మొక్కకూ, బొటానికల్ గార్డెన్‌లో అదే కవర్లో పెరిగే మొక్కకూ చూపుకు తేడా కనిపించదు. తేడా మొక్కకు కట్టిన బిళ్లలో ఉంటుంది. నర్సరీ బిళ్ల మీద పేరు, ధర. గార్డెన్ బిళ్ల మీద ఒక నంబరు. ఆ నంబరు పట్టుకుని రిజిస్టరు తీస్తే మొక్క తల్లి ఏ కాలువ గట్టున ఉందో, గింజ ఏ తేదీన ఎవరు కోశారో, ఎన్ని మొలిచి ఎన్ని చచ్చాయో బయటపడుతుంది. ఈ చిరునామా పోయిన మొక్క ఎంత అందంగా పూసినా పరిరక్షణ లెక్కలోకి రాదు.

నర్సరీ పనిని తక్కువ చేయడానికి కాదు ఈ మాట. నర్సరీకి కావలసింది ఒకే పోలిక. బాగా కాసే ఒక తల్లి చెట్టు నుంచి వెయ్యి అంట్లు కట్టి, వెయ్యీ అదే కాయ కాస్తాయని రైతుకు మాట ఇవ్వగలగడం దాని గొప్పతనం. జన్యువుల లెక్కలో మాత్రం ఆ వెయ్యీ ఒకటే చెట్టు. తల్లిని పడగొట్టే తెగులు వస్తే వెయ్యీ పడిపోతాయి. ఒక జాతిని కాపాడదలచిన తోటకు కావలసినవి పోలిక లేని మొక్కలు. ఉప్పును ఎక్కువ ఓర్చేదీ, ఆలస్యంగా పూసేదీ, పొట్టిగా ఉండిపోయేదీ అన్నీ కావాలి. రేపు ఏది పనికొస్తుందో ఎవరికీ తెలియదు కాబట్టి.

అందుకే గింజ కోయడానికి ఒక లెక్క ఉంది. ఒక గుంపులో కనీసం 50 చెట్ల నుంచి, అక్కడక్కడా చెదురుగా ఎంచి, చెట్టుకు ఇంచుమించు సమానంగా తీసుకుంటారు. గుంపులో నూటికి 5 వంతులకు మించి ఉన్న జన్యు రూపం ఏదైనా సంచిలోకి వచ్చే అవకాశం 95 శాతం ఉండాలంటే అన్ని చెట్లు కావాలి. ఆ రోజు పండి ఉన్న గింజల్లో ఐదో వంతు దాటి ముట్టుకోకూడదు, మిగతాది అడవికీ పక్షులకూ వదలాలి. మొత్తం పన్నెండు చెట్లే మిగిలిన జాతి అయితే పన్నెండింటి నుంచీ తీసుకుని, ఏ తల్లి గింజ ఆ తల్లి సంచిలోనే పెడతారు. అన్నీ ఒకే గోతంలో కలిపేస్తే బాగా కాసిన రెండు చెట్ల గింజలే నిండిపోతాయి. చూడడానికి బస్తా, లోపల రెండు కుటుంబాలు.

కోసే ముందు ఒక పదీ ఇరవై గింజలను బ్లేడుతో చీల్చి చూడాలి. పైకి నిండుగా ఉండి లోపల తాలు అయినవీ, పుచ్చు పట్టినవీ అడవి గింజల్లో చాలా ఎక్కువ. సగం తాలైతే ఆ రోజు కోత మానుకుని రెండు వారాలాగి రావడం నయం. ఇంటికొచ్చాక నంబరు వేస్తారు. ముందు సంవత్సరం, తర్వాత వరస సంఖ్య, పక్కన మూలం చెప్పే అక్షరం. అడవి నుంచి నేరుగా వచ్చిందైతే డబ్ల్యూ, అడవి నుంచి తెచ్చిన మొక్కకు తోటలో పుట్టిన సంతానమైతే జెడ్, అడవి మూలం లేని తోట మొక్కయితే జి, ఏమీ తెలియకపోతే యు. యు అక్షరాలు పేరుకుపోయిన తోట పార్కుతో సమానం.

ఉప్పు జాడీ చెప్పే సంగతి

గింజలు వచ్చాక మొదటి ప్రశ్న: ఇది ఎండితే నిలిచేదా, ఎండితే చచ్చేదా? తర్వాతి పని అంతా ఈ జవాబు మీదే నడుస్తుంది. వరి, మినుము, పెసర, నువ్వు, తుమ్మ లాంటివి ఎండే కొద్దీ ఎక్కువ కాలం బతుకుతాయి. మామిడి టెంక, పనస గింజ, కొబ్బరికాయ, తీరపు ఉప్పు బురదలో పెరిగే మడ చెట్ల కాయలు ఎండితే పోతాయి. వేప రెండింటికీ మధ్యరకం, కొంత ఎండుతుంది గానీ పూర్తిగా ఎండనివ్వదు.

ఎండే గింజల సంగతి ముందు చూద్దాం. కొనుగోలు కేంద్రంలో ధాన్యానికి 17 శాతం తేమ దాకా ఒప్పుకుంటారు. నిల్వకు 14 శాతానికి దించుతారు. గింజలను ఏళ్ల తరబడి దాచే విత్తన బ్యాంకు ఇంకా కిందికి వెళ్తుంది, 3 నుంచి 7 శాతం మధ్యకు. ఒక మోటు లెక్క ఉంది: 14 నుంచి 5 శాతం మధ్యలో తేమ ఒక్క శాతం తగ్గిన ప్రతిసారీ గింజ ఆయుష్షు రెట్టింపవుతుంది. ఉష్ణోగ్రత 5 డిగ్రీలు తగ్గితే మళ్లీ రెట్టింపు. 14 నుంచి 6కు దిగితే ఎనిమిది రెట్టింపులు, అంటే 256 రెట్లు. ఫ్రిజ్ ఖర్చు లేకుండా, ఆరబెట్టడం ఒక్కదానితోనే.

డెల్టాలో చిక్కు ఇక్కడే. ఎండ ఎంత కాసినా గింజ తన చుట్టూ ఉన్న గాలి తేమకు తగ్గట్టే ఆరుతుంది. వానాకాలంలో అమలాపురం వంటింట్లో ఉప్పు జాడీ నీరు కారుతోందంటే గాలిలో తేమ 75 శాతం దాటిందని అర్థం, ఉప్పు కరిగే హద్దు అది. ఆ గాలిలో కళ్లం మీద వారం రోజులు పరిచినా గింజ బ్యాంకుకు పనికొచ్చేంత ఆరదు. రాత్రి పీల్చుకున్న తేమను పగలు వదులుతూ, పగలు వదిలింది రాత్రి పీలుస్తూ అక్కడక్కడే తిరుగుతుంది. పైగా మండే సిమెంటు గచ్చు మీద పచ్చి గింజ పరిస్తే పిండం ఉడికిపోతుంది.

అందుకే మూసిన గదిలో 15 డిగ్రీల చల్లదనం, 15 శాతం గాలి తేమ ఉంచి ఆరబెడతారు. ఆ గది లేనిచోట మూత బిగుతుగా ఉన్న ప్లాస్టిక్ డ్రమ్ములో అడుగున తేమను పీల్చే సిలికా జెల్, పైన గుడ్డ సంచిలో గింజలు, రెండూ సమాన బరువుతో. జెల్ రంగు మారితే తీసి, పొయ్యి మీదో ఓవెన్‌లోనో 110 డిగ్రీల దగ్గర వేడి చేసి, చల్లారాక మళ్లీ వాడతారు. జెల్ దొరకకపోతే బొగ్గు, ఎర్రగా వేయించిన బియ్యం కూడా పనిచేస్తాయి, ఎక్కువ పరిమాణంలో, రోజూ మారుస్తూ. ఇంటి పరీక్ష ఒకటుంది: గాజు సీసాలో బాగా ఎండిన ఉప్పు కొంచెం, గింజలు కొన్ని వేసి ఊపి, పావుగంట ఉంచాలి. ఉప్పు గాజుకు అంటుకుంటే గింజలు ఇంకా పచ్చివే. అంటుకోకపోయినంత మాత్రాన బ్యాంకుకు సిద్ధమని కాదు, ఇళ్లలో దాచుకునే స్థాయికి వచ్చాయని మాత్రమే.

ఆరిన తర్వాతే మైనస్ 20 డిగ్రీలు. ఈ వరస తారుమారైతే గింజలో మిగిలిన నీరు మంచు ముక్కలై కణాలను చీల్చేస్తుంది. మందమైన అల్యూమినియం ఫాయిల్ ప్యాకెట్‌లో సీలు చేసి పెడతారు. తీసేటప్పుడు చాలామంది చేసే తప్పు ఒకటి: ఫ్రీజర్ నుంచి తీసిన వెంటనే ప్యాకెట్ విప్పడం. చల్లటి గింజ మీద మన గాలి క్షణంలో నీరుగా పేరుకుంటుంది, నెలల పని ఆ క్షణంలో పోతుంది. ప్యాకెట్ గది వేడికి వచ్చేదాకా ముట్టుకోకూడదు. తుఫానుకు రెండు మూడు రోజులు కరెంటు పోతే ఏమవుతుందని అడుగుతుంటారు. సరిగ్గా ఆరి, గట్టిగా సీలు చేసిన గింజకు ఏమీ కాదు. దాన్ని కాపాడేది చలి కంటే ముందు పొడితనం. అయినా సగం గింజలను వేరే ఊళ్లో, సముద్రానికి దూరంగా దాచడం తప్పనిసరి.

పెట్టిన కొన్నేళ్లకోసారి కొన్ని గింజలు తీసి మొలిపిస్తారు. మొలక శాతం మొదట ఉన్నదాంట్లో నూటికి 85 వంతులకు తగ్గితే ఆ విత్తనాన్ని నాటి కొత్త గింజ చేసుకోవాలి. మొలవని గింజలన్నీ చచ్చినవని అనుకోకూడదు. తుమ్మలాంటి గట్టి తొక్క గింజకు నీరు లోపలికి పోదు, తొక్కను ఒకచోట గీరితే మొలుస్తుంది. మొలవనివాటిని చీల్చి టెట్రాజోలియం ద్రావణంలో ఉంచితే బతికున్న పిండం ఎర్రబడుతుంది.

బురదలోనే దాచాల్సినవి

ఇప్పుడు డెల్టాకు అసలు కష్టమైనవి. గోదావరి నదీముఖాల్లోని ముఖ్యమైన మొక్కలు చాలావరకు రెండో రకం, ఎండితే చచ్చేవి. ఉప్పు పొన్న అనే మడ చెట్టుకు కాయ కొమ్మ మీదే మొలకెత్తుతుంది. ములక్కాడలా వేలాడే పచ్చటి కడ్డీ నిజానికి గింజ కాదు, మొలక. తెల్లమడ, నల్లమడల్లో పిండం తొక్క లోపలే పెరిగి సిద్ధంగా ఉంటుంది. నిద్రపోయే దశే లేని మొక్కను నిద్రపుచ్చి ఫ్రీజర్‌లో పెట్టడం కుదరదు.

ఆశ్చర్యమేమిటంటే వరి బంధువుల్లోనూ ఇలాంటిది ఒకటుంది. పోర్టెరేసియా కోఆర్క్‌టేటా అనే ఉప్పు బురదల గడ్డి, ఆకు మీది సన్నని నూగుతో ఉప్పును బయటికి నెట్టేస్తుంది. ఉప్పునేలల వరి కోసం పరిశోధకులు దాని వంక చూస్తున్నారు. వరి గింజను ఎండబెట్టి తరాలు దాచవచ్చు, దాని బంధువైన ఈ గడ్డి గింజ ఎండితే చచ్చిపోతుంది. పోలికను బట్టి పద్ధతి నిర్ణయించకూడదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఉండదు.

కాబట్టి మడ చెట్లకు విత్తన బ్యాంకు అంటే బురద నారుమడే. దాని ఎత్తు సరిగ్గా కుదరడమే సగం పని. పోటుకు నీళ్లెక్కి, పాటుకు పూర్తిగా దిగిపోయే మట్టంలో కవర్లు పేర్చాలి. మరీ కిందైతే మొక్క ఊపిరాడక చస్తుంది, మరీ పైనైతే నీరెక్కని రోజుల్లో ఉప్పు పేరుకుని మాడుతుంది. కవర్లో ఆ చోటి బురదే నింపాలి, ఎరువు అక్కర్లేదు.

ఉప్పు పొన్న కడ్డీ ముదిరిందో లేదో కాయకూ కడ్డీకీ మధ్య కనిపించే మెడపట్టీ చెబుతుంది. అది స్పష్టంగా కనిపించి, కొంచెం తిప్పగానే కడ్డీ ఊడి రావాలి. లాగితే తప్ప రానిది లేతది, నాటినా కుళ్లుతుంది. ఏరేటప్పుడు సన్నని సూది రంధ్రాలున్నవాటిని పారేయాలి, లోపల కోకోట్రైపిస్ అనే చిన్న పురుగు తొలిచి ఉంటుంది. తడి గోనె కప్పి నీడలో వారం దాకా ఉంచవచ్చు. అలా ఉంచినవాటిని పీతలు తక్కువగా కొరుకుతాయి. మొనదేలిన వేరు కొస కిందికి ఉండేలా మూడో వంతు మాత్రమే బురదలోకి గుచ్చాలి. తలకిందులుగా గుచ్చడం కొత్త కూలీలతో ప్రతి ఏడూ జరిగేదే, ఎన్నిసార్లు చెప్పినా.

తెల్లమడ, నల్లమడ కాయలను ఒక రాత్రి నీళ్లలో వేస్తే పై తొక్క తానే ఊడుతుంది. ఊడనివి లేతవి. వీటిని లోతుగా పాతకూడదు, బురద మీద పెట్టి వేలితో అదిమితే చాలు. పోటుకు కొట్టుకుపోకుండా కవరు అంచు రెండు వేళ్లు ఎత్తుగా ఉంచుతారు. మొక్కలు చిన్నగా ఉన్నప్పుడు నీటి ఉప్పదనం సముద్రంలో పావు నుంచి సగం మధ్య ఉంటే పెరుగుదల బాగుంటుంది. సముద్రపు నీటిలో లీటరుకు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది, ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరులో ఒక చుక్క వేసి చూస్తే తెలిసిపోతుంది. వరద నెలల్లో గౌతమి తీపి నీటితో పారుతుంది, ఎండాకాలంలో ధవళేశ్వరం దాటి వచ్చే నీరు సన్నగిల్లాక సముద్రం లోపలికి వస్తుంది. తీపి నీటిలో ఏపుగా పెంచిన మొక్కను తీసుకెళ్లి మే నెలలో నాటితే వారంలో మాడుతుంది. నాటే ముందు కొన్ని వారాలు కొంచెం కొంచెంగా ఉప్పు అలవాటు చేయాలి.

తిల్ల అనే మడ చెట్టు దగ్గర మాత్రం జాగ్రత్త. కొమ్మ విరిస్తే కారే పాలు కంట్లో పడితే చూపు కొంతసేపు పోతుంది, ఒంటి మీద బొబ్బలు లేస్తాయి. కోసేవాళ్లకు కళ్లద్దాలు, పొడుగు చేతుల చొక్కా లేకుండా పంపకూడదు. కోరింగ అభయారణ్యంలో ఏది కోయాలన్నా ముందు అటవీశాఖ అనుమతి ఉండాలన్నది వేరే చెప్పక్కర్లేదు.

కొబ్బరిది మరో రకం ఇబ్బంది. కాయను దాచలేం కాబట్టి చెట్టునే దాచాలి. ఎకరానికి 70 చెట్లు పడతాయి. ఒక రకంలోని తేడాలు నిలవాలంటే పదుల కొద్దీ చెట్లు ఉండాలి, అంటే రకానికో ఎకరం. పొడుగు రకాలు పరపరాగం మీద కాస్తాయి. పక్క తోట పుప్పొడి పడితే పుట్టేది ఆ రకం కాదు. కొత్త తరానికి విత్తనకాయ కావాలంటే గెలలోని మగపూలు తీసేసి, ఆడపూలు విచ్చుకోకముందే సంచి తొడిగి, ఎంచిన పుప్పొడి అద్దాలి. చెట్టెక్కే మనిషి లేకుండా ఇది జరగదు. గంగబోండం లాంటి పొట్టి రకం చాలావరకు తన పుప్పొడితోనే కాస్తుంది కాబట్టి కొంత తేలిక. అంబాజీపేట పరిశోధన స్థానం తెచ్చిన గోదావరి గంగ సంకరానికి తండ్రి ఆ గంగబోండమే, తల్లి తూర్పుతీరపు పొడుగు రకం. తల్లిదండ్రులిద్దరినీ తోటలో నిలబెట్టుకుంటేనే సంకరం మళ్లీ చేసుకోగలరు. 1996 నవంబరు 6 తుఫానుకు కోనసీమలో లక్షల కొబ్బరిచెట్లు కూలాయి. బతికున్న చెట్టే బ్యాంకు అయినప్పుడు, ఒకే తీరంలో ఒకే బ్యాంకు ఉంచడం ఎంత ప్రమాదమో ఆ ఒక్క రాత్రి చూపించింది. పుప్పొడినీ, కాయలోంచి తీసిన పిండాన్నీ మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో దాచే పద్ధతులు ఉన్నాయి గానీ, పిండాన్ని మళ్లీ చెట్టు చేయడం ల్యాబ్ మనుషుల ఓపికకు పరీక్ష.

సామర్లకోటలో మిగిలింది

డెల్టాకు ఈ పని కొత్త కాదు. విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాటిష్ వైద్యుడు 1781 నుంచి 1793 దాకా సామర్లకోటలో ఉండి మిరియాలు, నీలిమందు, చెరకు లాంటివాటిని తోటలో వేసి పరీక్షించాడు. స్థానిక చిత్రకారులతో మొక్కల బొమ్మలు గీయించాడు, తెలుగు పేర్లు అడిగి రాసుకున్నాడు. మన సోమిద చెట్టు శాస్త్రీయ నామం సోయ్‌మిడా కావడానికి మూలం ఆ తెలుగు పేరే. 1787లో ఇంజరం దగ్గర నీళ్లు పొంగి ఆయన సేకరణ చాలావరకు పోయింది. మళ్లీ మొదలుపెట్టాడు. 1793లో కలకత్తా తోటకు అధికారిగా వెళ్లాడు. కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకం 1795 నుంచి 1820 వరకు సంపుటాలుగా లండన్‌లో వెలువడింది. ఆయన గీయించిన బొమ్మలు 2,500కు పైనే, ఒక ప్రతి కలకత్తాలో, ఇంకోటి లండన్ దగ్గరి క్యూ తోటలో నిలిచాయి. ఆ సామర్లకోట తోట ఇప్పుడు లేదు. కాగితాలు రెండుచోట్ల ఉండబట్టే ఏ మొక్కకు ఏ పేరు పెట్టాడో ఇవాళ తేల్చుకోగలుగుతున్నాం.

ఎండిన మొక్కలను పేరుతో దాచే హెర్బేరియం చేసేది ఈ పనే. పూవో కాయో ఉన్న కొమ్మను న్యూస్‌పేపర్ మధ్య పరిచి, ఒక ఆకు వెనక్కి తిప్పి, చెక్కల మధ్య బిగిస్తారు. వేసవిలో రోజుకోసారి కాగితం మారిస్తే వారంలో ఆరుతుంది. ఆషాఢ శ్రావణాల్లో అలా వదిలేస్తే మూడో రోజుకే బూజు, కింద బల్బులు పెట్టిన డ్రైయర్ పెట్టె ఉండాల్సిందే. ఇలకూర లాంటి కండ గల ఉప్పు మొక్కలు ప్రెస్‌లో కూడా బతికే ఉండి ఆకులు రాల్చుకుంటాయి. వాటిని ముందు మరిగే నీళ్లలో ఒకసారి ముంచి చంపాలి. ఆరిన కొమ్మను 42 × 28 సెంటీమీటర్ల అట్ట మీద కుట్టి లేబుల్ అంటిస్తారు. పువ్వు రంగు, చెట్టు ఎత్తు, వాసన, స్థానికులు పిలిచే పేరు, జీపీఎస్ సంఖ్యలు అన్నీ ఎండిన కొమ్మలో కనిపించనివి, అందుకే అక్కడే రాయాలి. పూర్వం పురుగుకు పాదరసపు విషం పూసేవారు, పాత అట్టలను చేతులతో ముట్టే ముందు ఆ సంగతి గుర్తుండాలి. ఇప్పుడు ప్యాకెట్ కట్టి మైనస్ 20 డిగ్రీల్లో వారం పది రోజులు పెడితే సరిపోతుంది. పక్కనే ఒక ఆకు ముక్కను సిలికా జెల్‌లో వేసి ఉంచితే తర్వాత డీఎన్ఏ పరీక్షకు పనికొస్తుంది.

తోటలోపలే వచ్చే చేటు రెండు రకాలు. ఒకటి కొత్త మొక్కతో వచ్చే పురుగు. 2016లో పొల్లాచ్చి కొబ్బరి మీద కనిపించిన సర్పిలాకార తెల్లదోమ ఎక్కువ కాలం పట్టకుండానే కోనసీమకూ చేరింది. బయటి నుంచి వచ్చిన ఏ మొక్కనైనా వేరే నెట్ కింద కొన్ని వారాలు ఉంచి, ఆకు అడుగు చూసి, అప్పుడే లోపలికి తేవాలి. రెండోది కంటికి కనిపించదు. అడవిలో ఎప్పుడూ ఎదురుపడని దగ్గరి జాతులు తోటలో పక్కపక్కనే పూసి సంకరమైపోతాయి. ఆ గింజను అసలు జాతి అనుకుని అడవికి పంపితే చేసిన మేలు కంటే కీడు ఎక్కువ.

తిరిగి నాటేచోట

చివరకు మొక్క వెళ్లాల్సింది తన చోటికే. నరికి వదిలేసిన మడ నేల ఎండకు కుంగి మధ్యలో పళ్లెంలా అవుతుంది. పోటుకు ఎక్కిన నీరు దిగదు, ఆవిరై ఉప్పు మిగులుతుంది. అక్కడ ఎన్ని వేలు నాటినా చచ్చేవే. ముందు నీటి దారి తెరవాలి. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీశాఖ గోదావరి మడల్లో చేసింది ఇదే: ఒక పెద్ద కాలువ, దానికి రెండు వైపులా ఏటవాలుగా చేప ముళ్లలా పిల్ల కాలువలు. కాలువ గట్లు నిట్టనిలువుగా కాక వాలుగా తవ్వుతారు, లేకపోతే మొదటి వానకే కూలి పూడుతుంది. మొక్కను గట్టు మీద కాదు, కాలువ అడుగున కాదు, వాలు మధ్యలో నాటుతారు. పైన ఉప్పు, కింద ఎడతెగని నీరు. పూడిక ప్రతి ఏడూ తీయాలి. నిధులు మొక్కలకు ఇచ్చి పూడికకు ఇవ్వకపోవడం మామూలుగా జరిగే తప్పు, మొక్కలతో ఫోటో వస్తుంది, పూడికతో రాదు.

నాటిన ప్రతి వరసకూ ఏ తల్లుల సంతానమో రిజిస్టరులో ఉంటుంది. నెలకు, ఆరు నెలలకు, ఏడాదికి, మూడేళ్లకు లెక్క తీస్తారు. పీత కొరికిందా, నత్తగుల్లలు పేరుకుని కాండం వంగిందా, పశువులు మేశాయా, ఉప్పు మాడ్చిందా అన్నది పక్కన రాస్తారు. ఒక తల్లి సంతానమంతా చచ్చి పక్క తల్లిది బతికితే, పదేళ్ల కిందట గింజలు కలపకుండా వేరు సంచుల్లో పెట్టినవాళ్ల ఓపిక అప్పుడు అక్కరకొస్తుంది. చచ్చిన మొక్క గడికి ఎదురుగా తేదీ, కారణం వేసి అలాగే ఉంచుతారు. ఆ నంబరును మళ్లీ మరో మొక్కకు ఇవ్వరు.